చెవుడా? సంస్కృతా? – యాజమాన్య పరిశోధనల చరిత్రలో ఒక ప్రశ్న

మా మేనమామ అహమ్మదాబాదు బట్టల మిల్లులో ముప్పైయేళ్లు నేతపని చేశాడు. 1950లలో సిరిసిల్ల ప్రాంతపు పల్లెల నుండి బతుకుతెరువు కోసం బొంబాయికీ, షోలాపూరుకూ, అహమ్మదాబాదుకూ తరలిపోయిన పద్మశాలీలలో ఆయన ఒకడు. 1980లలో మిల్లు మూతబడ్డ తరువాత ఒక ఇనుపపెట్టెతో, రెండు చెవుల చెవుడుతో ఇల్లు చేరాడు. ఆ పెట్టె అడుగున మడతలు పడిన కాగితం ఒకటి ఉండేది. అది 1970లలో మిల్లువారు ఇచ్చిన హెచ్చరిక పత్రం. జాబరు పిలిచినా పలకలేదనీ, చెప్పిన పని చేయలేదనీ అందులో నేరం మోపారు. కారణం కూడా వారే వ్రాశారు: ఈ మనిషి పరప్రాంతం వాడు, ఇక్కడి భాష తెలియదు, వీరి జనానికి మొండితనం ఎక్కువ.

"ఇరవైయేండ్లు ఆ ఊళ్లె ఉన్నవు, భాష రాలేదా మామా?" అని అడిగాను. రెండుసార్లు అడగవలసి వచ్చింది. "భాష వచ్చు అల్లుడా, మాటే ఇనవడది" అన్నాడు.

ఆ మిల్లు పేరు ఇక్కడ అనవసరం. అటువంటి కాగితాలు ఎన్ని పెట్టెల అడుగున ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? మగ్గాల మోతకు చెవిలోని నరం చచ్చిపోయింది. కాగితంలో అది జాతి లక్షణంగా నమోదయింది.

ఈ సంగతి మళ్లీ గుర్తుకు రావడానికి కారణం నా పాత విద్యార్థి. చరిత్ర చదివి, ఆపైన మేనేజిమెంటు పట్టా పుచ్చుకొని, ఇప్పుడు హైదరాబాదులో ఒక విదేశీ కంపెనీ సిబ్బంది శాఖలో ఉన్నాడు. తమ ఉద్యోగులకు చెప్పే పాఠం ఒకటి తెచ్చి చూపించాడు. దేశదేశాల సంస్కృతులకు అంకెలు వేసిన పట్టిక అందులో ఉన్నది. "అధికార దూరం" అనే గడిలో భారతదేశానికి 77, బ్రిటనుకు 35. "మనవాళ్లు పై అధికారితో కాదు అని చెప్పలేరు సార్. అది మన సంస్కృతి. పరిశోధనలో తేలింది" అన్నాడు. వాళ్ల కార్యాలయంలో అమెరికా పగటికి సరిపోయేటట్లు రాత్రంతా పని నడుస్తుంది. ఆ పనివేళలను ఎవరు నిర్ణయించారు, కాదనే హక్కు ఉద్యోగికి ఉన్నదా అని అడిగాను. ఆ ప్రశ్నకు పట్టికలో గడి లేదు.

సంస్కృతి, పని, ఆరోగ్యం – ఈ మూడింటి సంబంధాన్ని గురించిన పరిశోధనకు నూటడెబ్బైయేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అది చదివినకొద్దీ నాకు రెండు ఎత్తులు పదేపదే కనిపించాయి. కార్మికుని ఒంటికి గాయమైతే దానిని అతని సంస్కృతి అనడం మొదటిది. కార్మికుడు ఎదురు మాట్లాడితే దానిని అతని జబ్బు అనడం రెండవది. ఐతే యాజమాన్యాల ఆశ్రయంలో, ప్రభుత్వాల ఖర్చుతో జరిగిన ఆ పరిశోధనలలోనే సత్యం కూడా అప్పుడప్పుడు బయటపడుతూ వచ్చింది. దానిని ఏరుకొని వాడుకోవడం మన బాధ్యత. పరిశోధనను పెట్టుబడిదారుల సొత్తని ఒక్కమాటతో తోసివేసే తొందర మనకు తగదు.

1848 ఫిబ్రవరిలో ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్చో అనే ఇరవై ఆరేళ్ల వైద్యుణ్ణి ఎగువ సైలీషియాకు పంపింది. అక్కడ టైఫసు జ్వరం ప్రబలి వేలాదిమంది చనిపోతున్నారు. ఆ ప్రజలు పోలిష్ భాష మాట్లాడే పేదలు. వారిని పాలించేవారు జర్మను మాట్లాడే అధికారులు. పోలిష్ జనం సోమరులనీ, తాగుబోతులనీ, శుభ్రత ఎరుగరనీ అధికార వర్గాల అభిప్రాయం. విర్చో కూడా ఆ మురికినీ, ఆ నిరాసక్తతనూ చూశాడు. తన నివేదికలో దాచకుండా వ్రాశాడు. కాని అక్కడితో ఆగలేదు. వారిని అట్లా తయారుచేసినది ఎవరని అడిగాడు. భూస్వాములు, మతాచార్యులు, అర్థంకాని భాషలో పాలించే ఉద్యోగవర్గం ఆయన సమాధానంలో ముద్దాయిలుగా నిలబడ్డారు. ఆ జ్వరానికి మందుగా ఆయన సూచించినవి సంపూర్ణ ప్రజాస్వామ్యం, ప్రజల మాతృభాషలో చదువు, స్థానిక స్వపరిపాలన, పేదలపై పన్నుల భారం తగ్గింపు, రోడ్లు, వ్యవసాయాభివృద్ధి. బెర్లిను తిరిగివచ్చిన కొద్దిరోజులకే, మార్చి విప్లవంలో, వీధుల్లో అడ్డుగోడలు కట్టినవారి పక్షాన నిలిచాడు.

సంస్కృతి అనే మాట వినిపించినప్పుడు విర్చో అడిగిన రెండవ ప్రశ్న అడగాలి. ఆ అలవాటు ఉన్నదా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఎవరి ఏలుబడిలో ఆ అలవాటు పుట్టింది అన్నది రెండవది. తరువాతి నూరేళ్లలో యాజమాన్య శాస్త్రం మొదటి ప్రశ్నను ఎంతో నేర్పుతో అడిగింది. రెండవదాన్ని మాత్రం దాటవేసింది.

షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే పెద్ద టెలిఫోను సామగ్రి ఫ్యాక్టరీ ఉండేది. 1924 నుండి 1932 వరకు అక్కడ జరిగిన ప్రయోగాలను మేనేజిమెంటు కళాశాలల్లో ఈనాటికీ మొదటి పాఠంగా చెబుతారు. 1927లో కొద్దిమంది యువతులను ఒక ప్రత్యేక గదిలో కూర్చోబెట్టి, రిలేలు బిగించే పని ఇచ్చి, విశ్రాంతి సమయాలను, పనిగంటలను మారుస్తూ ఉత్పత్తిని కొలిచారు. వారిలో ఎక్కువమంది ఐరోపా నుండి వలసవచ్చిన కుటుంబాల పిల్లలు. వారికి వైద్యపరీక్షలు చేశారు. రాత్రి ఎంతసేపు నిద్రపోయారో కూడా అడిగి వ్రాసుకున్నారు. ఉత్పత్తి పెరిగింది. మనిషి మీద శ్రద్ధ చూపితే, మనసు బాగుంటే పని పెరుగుతుందని పాఠం తీశారు. హార్వర్డ్ పండితుడు ఎల్టన్ మేయో దీనిని దేశమంతటా ప్రచారం చేశాడు.

పాఠంలో తరచుగా చెప్పని సంగతి ఒకటి ఉన్నది. 1928 జనవరిలో ఆ గదిలోని ఇద్దరు యువతులను ఎక్కువ మాట్లాడుతున్నారని, సహకరించడంలేదని తీసివేసి, వారి స్థానంలో వేరే ఇద్దరిని కూర్చోబెట్టారు. తీసివేసిన వారిలో ఒకామె "బోల్షివిక్కు" అయిపోయిందని మేయో వ్రాసుకున్న మాటల్లో కనిపిస్తుంది. పరీక్షలో ఆమెకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఇక ఏమున్నది? ఆమె ఎదురుమాటలకు మూలం రక్తంలో దొరికింది! తక్కువ రక్తంతో పనిచేస్తున్న పిల్లకు కోపం రావడానికి, ఆ పని తీరే కారణమై ఉండవచ్చునన్న ఆలోచన వెనుకపడింది. 1928, 1930ల నడుమ అదే ఫ్యాక్టరీలో ఇరవై వేల మందికి పైగా కార్మికులను కూర్చోబెట్టి వారి ఫిర్యాదులు విన్నారు. ఫిర్యాదులోని విషయంకన్నా ఫిర్యాదు చేసినవాని మనఃస్థితి ముఖ్యమని తేల్చారు. 1931లో అక్కడే తీగలు బిగించే పద్నాలుగు మంది మగవారిని పరిశీలించినప్పుడు, ఒక పరిమితికి మించి పని చేయకూడదని వారు తమలో తాము కట్టుబాటు పెట్టుకున్నట్లు కనిపించింది. రేటు తగ్గిస్తారని, తోటివారిని తీసివేస్తారని భయం. అది అమెరికాను ఆర్థికమాంద్యం పట్టి పీడిస్తున్న కాలం. ఆ భయాన్ని పరిశోధకులు తర్కానికి నిలవని భావావేశం అన్నారు. పనివారు ఇళ్లకు పోతున్న రోజులలో అంతకన్నా తర్కబద్ధమైన భయం ఏముంటుంది?

తరువాత చెప్పవలసిన అధ్యాయం ఇంగ్లండు బొగ్గుగనులది. ఇది మనవంటి వారికి కాస్త ఇబ్బంది కలిగించే అధ్యాయం కనుకనే చెప్పాలి. 1947 జనవరి 1న లేబరు ప్రభుత్వం బొగ్గుగనులను జాతీయం చేసింది. గని ప్రజలదయింది. కాని గైరుహాజరు తగ్గలేదు, మనోవేదన తగ్గలేదు. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ ఇద్దరూ 1951లో ఒక వ్యాసం ప్రకటించారు. బామ్‌ఫోర్త్ అంతకుముందు పద్దెనిమిదేళ్లు స్వయంగా బొగ్గు తవ్వినవాడు. ఆ వ్యాసం బలం అక్కడే ఉన్నది.

పాతపద్ధతిలో ఇద్దరు ముగ్గురు గనికార్మికులు ఒక జట్టుగా తమ కొలిమిని తామే తవ్వి, తామే ఆసరాలు నిలిపి, తామే బొగ్గు ఎత్తేవారు. జట్టును తామే ఎంచుకునేవారు. జట్టులో ఒకడు చనిపోతే అతని కుటుంబాన్ని మిగిలినవారు చూచుకునే ఆనవాయితీ కూడా ఉండేది. యంత్రాలతో వచ్చిన లాంగ్‌వాల్ పద్ధతిలో నలభై యాభై మందిని మూడు షిఫ్టులుగా విభజించారు. ఒక షిఫ్టు కోయాలి, మరొకటి నింపాలి, ఇంకొకటి యంత్రాన్ని ముందుకు జరపాలి. ఒకరి ముఖం ఒకరు చూడరు. ముందు షిఫ్టువారు చేసిన లోపం తరువాతివారి నెత్తిన పడుతుంది. చీకటిలో, ప్రాణాపాయంలో, ఒంటరిగా ఉన్న మనిషి శరీరం దానికి జవాబిచ్చింది: అలసట, ఆందోళన, పనికి రాకపోవడం. యజమాని మారాడు, పని తీరు మారలేదు. ఆస్తి హక్కు మార్పుతోనే సర్వమూ సిద్ధిస్తుందని నమ్మిన మనకు ఆ గనికార్మికులు నేర్పిన పాఠం ఇది. పని చేతిలోకి రాకుండా గని చేతికి వచ్చినా, అది సగం విముక్తి మాత్రమే.

ఆ టావిస్టాక్ సంస్థకే చెందిన ఎ. కె. రైస్ 1953లో అహమ్మదాబాదు వచ్చాడు. ఆ ఊరి సంగతి ఒకటి ముందుగా గుర్తుచేయాలి. 1917లో అక్కడ ప్లేగు వచ్చింది. ప్రాణభయంతో కార్మికులు పల్లెలకు పారిపోకుండా మిల్లుయజమానులు "ప్లేగు బోనసు" ఇచ్చారు. ప్లేగు తగ్గగానే 1918 ఆరంభంలో తీసివేశారు. దానిమీదనే గాంధీ నాయకత్వాన ప్రఖ్యాతమైన సమ్మె జరిగింది. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయి, కార్మికుల పక్షాన ఆయన అక్క అనసూయా బెన్ నిలబడ్డారు. గాంధీ నిరాహారదీక్ష చేశాడు. వివాదం మధ్యవర్తికి వెళ్లి చివరకు కార్మికులు అడిగిన 35 శాతం పెంపు లభించింది. 1920లో మజూర్ మహాజన్ సంఘం ఏర్పడింది. చావుభయానికి వెల కట్టడం ఎట్లాగో ఆ ఊరికి మొదటినుండీ తెలుసు.

సారాభాయిల కాలికో మిల్లులో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. మంచి యంత్రాలు, అయినా ఉత్పత్తి ఆశించినంత రాలేదు. రైస్ వెళ్లి చూశాడు. 224 మగ్గాల షెడ్డులో 29 మంది పనివాళ్లు. వారికి పన్నెండు రకాల పనులు. నేతగాడు ఒక సంఖ్య మగ్గాలను చూస్తాడు, బ్యాటరీలు నింపేవాడు మరొక సంఖ్యను, తెగిన పోగులు అతికేవాడు ఇంకొక సంఖ్యను. కనుక ఎవని పని ఎవనితో ముడిపడి ఉన్నదో ఎవరికీ తెలియదు. ఒక మగ్గం ఆగితే అది ఎవరి మగ్గమూ కాదు. రైస్ ఒక సూచన చేశాడు: మగ్గాలను కొన్ని గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపును కొద్దిమంది కలిసి మొత్తంగా చూచుకొంటే ఎట్లా ఉంటుంది? ఆ మాట చెవినబడగానే కార్మికులు తమంతట తాము ఏడుగురేసి జట్లుగా ఏర్పడి పని మొదలుపెట్టారు. పై నుండి వచ్చిన ఆజ్ఞలకోసం ఆగలేదు. తొలినాళ్ల ఒడుదుడుకులు సర్దుకున్నాక మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుండి 95 శాతానికి చేరింది; చెడిపోయిన బట్ట సుమారు మూడోవంతు తగ్గింది.

దీని అర్థం ఏమిటి? భారతీయుడు పై అధికారి చెప్పందే కదలడని, ఆజ్ఞలకు అలవాటుపడ్డ మనస్తత్వమని పట్టికలు చెబుతాయి. అక్షరజ్ఞానం అంతంతమాత్రంగా ఉన్న మిల్లుకార్మికులు, యంత్రం కొత్త, పద్ధతి కొత్త, అయినా అవకాశం దొరికిన వెంటనే తమ పనిని తామే నడుపుకున్నారు. డర్హామ్ బొగ్గుగని జట్టుకూ, అహమ్మదాబాదు నేత జట్టుకూ భాష వేరు, మతం వేరు, తిండి వేరు. పని తమ చేతిలో ఉంటే బాగా చేయడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఐతే ఆ జట్ల వెలుపల ఎవరున్నారో కూడా చూడాలి. అహమ్మదాబాదు మిల్లుల్లో నూలు వడికే విభాగాలు దళితులకు, నేత విభాగాలు ముఖ్యంగా ముస్లిములకు, సవర్ణ హిందువులకు అని దశాబ్దాలుగా పంచబడి ఉండేవి. పాత మగ్గం మీద కండె మార్చినప్పుడు నేతగాడు నాడె రంధ్రం నుండి దారాన్ని నోటితో పీల్చి తీసేవాడు. ఒకరు నోరు పెట్టినదానిపై మరొకరు నోరు పెట్టాలి కనుక అంటరానివారిని నేతశాలలోకి రానివ్వలేదు. నేతపనికే కూలి ఎక్కువ. 1928 బొంబాయి సమ్మెకాలంలో అంబేద్కరు ఈ వివక్షను కార్మికనాయకుల ముందు నిలదీశాడు. నాడెను నోటితో పీల్చడం ఆరోగ్యానికి హానికరమైన అలవాటు. ఆ హానిని తొలగించకుండా, దానినే కులపు గోడగా నిలిపారు. తోటివారిని ఎంచుకునే స్వేచ్ఛ గురించి రైస్ వ్రాసినది నిజమే. కాని ఎవరిని ఎంచుకోవచ్చునన్నది ఆయన రాకకు ఎంతో ముందే నిర్ణయమైపోయింది. ఇక్కడ సంస్కృతి ఉన్నది. అది యాజమాన్యపు పట్టికలో కనిపించే సంస్కృతి కాదు.

ఇంకొకటి. ఆ ప్రయోగంలో ప్రధానమైన కొలతలు రెండు: మగ్గాల సామర్థ్యం, చెడిపోయిన బట్ట. బట్టకు జరిగిన నష్టాన్ని శాతాలలో కొలిచారు. మోతలో నిలబడ్డ చెవులకు జరిగిన నష్టం ఆ లెక్కలో లేదు. టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లరు తరువాత వెళ్లి చూసి 1975లో ఫలితాలు ప్రకటించాడు. ఒక షెడ్డులో జట్టుపద్ధతి నిలిచి ఉన్నది, మిగిలినచోట్ల సడలిపోయింది. కార్మికుల చేతికి వచ్చినది యాజమాన్యం ఇచ్చిన వెసులుబాటు. హక్కుగా వ్రాసి ఉంచనిది మార్కెట్టు ఒత్తిడి రాగానే జారిపోతుంది. చివరకు మిల్లులే జారిపోయాయి. 1980లు, 1990లలో అహమ్మదాబాదు మిల్లులు వరుసగా మూతబడి లక్షకు పైగా కార్మికులు వీధిన పడ్డారు. మా మామ కూడా వారిలో ఒకడు.

మోత వల్ల చెవుడు వస్తుందని అప్పటికి తెలియదా? తెలుసు. 1886లో గ్లాస్గో వైద్యుడు టామస్ బార్ బాయిలర్లు చేసే నూరుమంది కార్మికులను పరీక్షించి, వారిలో సరిగా వినికిడి ఉన్నవాడు ఒక్కడూ లేడని ప్రకటించాడు. లాంకషైరు నేతగత్తెలు మగ్గాల మోతలో ఒకరి మాట మరొకరు వినలేక, పెదవులను పెద్దగా కదిలిస్తూ మూగగా మాట్లాడుకునే పద్ధతి కల్పించుకున్నారు. ఆ పద్ధతి వీధుల్లోకి, ఇళ్లల్లోకి కూడా వచ్చింది. ఈనాడు దానిని లాంకషైరు జానపద సంస్కృతి అని ముచ్చటగా చెప్పుకుంటారు. అది నిజంగా సంస్కృతే. చెవులు పోగొట్టుకున్న మనుషులు ఒకరినొకరు పోగొట్టుకోకుండా కట్టుకున్న సంస్కృతి. 1965లో స్కాట్లండులోని డండీ జనుపమిల్లు స్త్రీల వినికిడిని కొలిచి, ఎన్నేళ్లు మగ్గం దగ్గర నిలబడితే ఎంత వినికిడి పోతుందో లెక్కలతో చూపారు. మన దేశంలో మోతవల్ల వచ్చే చెవుడు పరిహారం ఇవ్వవలసిన వృత్తిరోగాల జాబితాలోకి 1980లలో చేరింది. అప్పటికి మా మామ మిల్లు దీపాలు ఆరిపోయే దశలో ఉన్నది.

1967లో రెండు పెద్ద పరిశోధనలు మొదలయ్యాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పదలచినది తేటపడుతుంది.

ఒకటి ఐ.బి.ఎం. కంపెనీలో జరిగినది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్చి పరిశోధకుడు 1967 నుండి 1973 వరకు ఆ కంపెనీ దేశదేశాల ఉద్యోగులు నింపిన సుమారు 1,16,000 ప్రశ్నాపత్రాలను విశ్లేషించి, 1980లో 40 దేశాల సంస్కృతులను అంకెలలో పెట్టి గ్రంథం వెలువరించాడు. నా విద్యార్థి చూపిన 77 దానినుండి వచ్చినదే. ఒక్క కంపెనీ, అందులోనూ ఎక్కువగా అమ్మకాలు, సర్వీసు చూసే చదువుకున్న ఉద్యోగులు. ప్రశ్నాపత్రం ఇచ్చినది యజమానే. వారి జవాబుల నుండి దేశాల ఆత్మలను కొలిచారు. బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో దీనిని విమర్శిస్తూ, పాకిస్తానులో మొదటి సర్వేకు జవాబిచ్చినవారు 37 మంది, రెండవదానికి 70 మంది మాత్రమేనని చూపాడు. యజమాని అడిగిన ప్రశ్నకు ఉద్యోగి ఇచ్చిన జవాబులో అతని భయం ఎంత, సంస్కృతి ఎంత? "నీ పై అధికారితో విభేదించడానికి నీ తోటివారు భయపడతారా?" అన్నది ఆ ప్రశ్నలలో ఒకదాని సారాంశం. భయపడతారని జవాబు వస్తే, దేశం ఖాతాలో వ్రాశారు. అధికారి ఖాతాలో ఎందుకు వ్రాయలేదు?

రెండవది లండను ప్రభుత్వ కార్యాలయాల వీధి వైట్‌హాల్‌లో మొదలైనది. 40 నుండి 64 ఏళ్ల నడుమ ఉన్న పదిహేడు వేలకు పైగా పురుష ఉద్యోగులను పరీక్షించి, తరువాత ఎవరు దేనితో చనిపోయారో గమనిస్తూ వచ్చారు. మైకేల్ మార్మట్, ఆయన సహచరులు 1978లో ఫలితాలు ప్రకటించారు. అట్టడుగు శ్రేణిలోని బంట్రోతులు, ద్వారపాలకులు గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం, పై శ్రేణి అధికారులతో పోల్చితే మూడున్నర రెట్లు. వీరందరిదీ ఒకే నగరం, ఒకే యజమాని, ఒకే ఉచిత వైద్యవిధానం. పస్తులుండేవారు ఎవరూ లేరు. పొగతాగడం, రక్తపోటు, కొవ్వు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడాలో సగానికి పైగా మిగిలే ఉన్నది. పైగా ఇది పేదవాడు, ధనికుడు అనే రెండు గడుల తేడా కూడా కాదు. మెట్టు మెట్టుకూ చావు పెరిగింది. 1985లో మొదలైన రెండవ వైట్‌హాల్ పరిశోధనలో స్త్రీలను కూడా చేర్చి 10,308 మందిని పరిశీలించారు. తన పనిమీద తనకు అదుపు లేనివానికి గుండెజబ్బు ప్రమాదం ఎక్కువని 1997లో తేల్చారు.

హాఫ్‌స్టెడ్ లెక్క ప్రకారం అధికార దూరం తక్కువగా ఉన్న దేశం బ్రిటను. ఆ దేశపు రాజధాని నడిబొడ్డున, అధికారపు మెట్లు మనుషుల గుండెల మీద నుండి పోతున్నాయని వైట్‌హాల్ చెప్పింది.

మరి సంస్కృతి అన్నది కేవలం యాజమాన్యాల మాయమాటేనా? అట్లా అంటే మనం కూడా తప్పు చేసినవారమవుతాం. మార్మట్, లెనర్డ్ సైమ్ 1976లో ప్రకటించిన మరొక పరిశోధన ఉన్నది. కాలిఫోర్నియాకు వలసపోయిన జపానీయులను వారు పరిశీలించారు. తమ సమాజంతో, బంధుత్వాలతో, పాత అనుబంధాలతో గట్టిగా ముడిపడి ఉన్నవారిలో గుండెజబ్బు జపానులోవలెనే తక్కువ. ఆ బంధాలు తెగి అమెరికా జీవితంలో పూర్తిగా కలిసిపోయినవారిలో మూడు నుండి ఐదు రెట్లు ఎక్కువ. తిండి, పొగ, రక్తపోటు – ఇవి మాత్రమే దానికి కారణాలు కాలేదు. కనుక సంస్కృతి మనిషిని కాపాడగలదు. లాంకషైరు నేతగత్తెల పెదవుల భాష, అహమ్మదాబాదు చాళ్లలో పద్మశాలీలు నిలుపుకున్న సంఘం, ఊరికి ఉత్తరాలు, చావుకు చందాలు – ఇవన్నీ ఆ కోవలోవే. పైవాడు లెక్కగట్టి మన నెత్తిన అతికించే సంస్కృతి వేరు. కిందివాళ్లు ఒకరినొకరు నిలుపుకోవడానికి కట్టుకునే సంస్కృతి వేరు. అంబేద్కరు చూపినట్లు ఈ రెండవదానిలోనూ గోడలు ఉంటాయి. వాటిని కూల్చడం మన పనే.

ఇక మన లెక్క. కార్మికోద్యమం కూలి కోసం, బోనసు కోసం, ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడింది, ఎన్నో సాధించింది. చెవి కోసం, ఊపిరి కోసం, పని నడిపే హక్కు కోసం అంతగా పోరాడలేదు. మోత ఎక్కువైతే మోతకు భత్యం అడిగాము. మోత తగ్గించమని అడిగిన సమ్మెలు ఎన్ని? ప్లేగు బోనసు రోజుల నుండి మనం కూడా ఒంటికి వెల కట్టడం నేర్చుకున్నాము. మన చరిత్రకారులు సమ్మెదినాలు లెక్కించారు, సభ్యత్వాలు లెక్కించారు. ఇనుపపెట్టెల్లోని కాగితాలు చదవలేదు. ఈ తప్పులో చరిత్ర ఉపాధ్యాయుడిగా నాకూ వాటా ఉన్నది. మా మామ బ్రతికి ఉన్నప్పుడు ఆయన పనిజీవితాన్ని కూర్చోబెట్టి వ్రాసుకోలేదు.

ఈ పత్రిక చదివే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక పని సూచిస్తాను. మీ ఊళ్లో సిరిసిల్ల సాంచాల షెడ్డు ఉండవచ్చు, బొగ్గుగని ఉండవచ్చు, అద్దాల మేడలో రాత్రి కార్యాలయం ఉండవచ్చు. అక్కడ పనిచేసేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఈ పనివల్ల నీ ఒంట్లో ఏమి మారింది? పనిని గురించి నీవు నిర్ణయించగలిగినది ఏమిటి? నీకు జరిగిన దానికి పైవాళ్లు ఏమి కారణం చెప్పారు? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో తాగుడు, అలవాటు, భాష, కులం, ప్రాంతం అనే మాటలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి. మొదటి రెండు ప్రశ్నల జవాబులు వాటి పక్కన వ్రాయండి. అదే మన సర్వే.

నా విద్యార్థికి కూడా ఇదే చెప్పాను. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సరు కలిగించగల వాటి జాబితాలో 2007లో చేర్చిందనీ, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచిందనీ చెప్పాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా వాళ్లకు ఉదయం ఆరింటికి మీటింగులో ఏమడిగినా తలలూపుతారు సార్. సంస్కృతి అనుకున్నాను. నిద్ర కావచ్చు" అన్నాడు.

మా మామ కూడా చివరి రోజుల్లో ఎవరేమన్నా తలూపేవాడు. ఇంటివాళ్లు ఆయన ఎంతో నెమ్మదస్థుడయ్యాడని అనుకునేవారు.